హాలండ్ డబ్బా, హనుమకొండ సీసా: ఒకే పేరున్న బీరులో తేడా ఎక్కడ వస్తుంది?

మీరు రాసిన దాని సారం ఇది. మీ బావమరిది ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వస్తూ హైనెకెన్ డబ్బాలు తెచ్చాడు. అదే పేరున్న ఆకుపచ్చ సీసాను మీరు హనుమకొండలో కొన్నారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని తాగితే డబ్బాలోది తేటగా, తేలికగా ఉంది. సీసాలోది ఏదో కాలిన వాసన వేసింది. ‘ఇక్కడ తయారయ్యేది పేరుకే ఆ బ్రాండు, లోపల సరుకు వేరు. ఇకపై హైదరాబాద్ వెళ్లి మూడు రెట్లు పెట్టి దిగుమతి సీసాలే కొనాలా?’ అని అడిగారు.

సంగారెడ్డి వైపు ఒక బ్రూవరీ, అంటే బీరు ఫ్యాక్టరీ, నాణ్యతా విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి, ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నాను. కాబట్టి స్థానిక సరుకు మీద నాకు కొంత మమకారం ఉంటుందని అనుకున్నా తప్పులేదు. అయినా చెప్పక తప్పదు. మీరు పోల్చింది హాలండ్‌ను తెలంగాణతో కాదు, డబ్బాను ఆకుపచ్చ సీసాతో. మీకు తగిలిన వాసనకు, ఆ బీరు ఏ దేశంలో తయారైందనే దానికి దాదాపు సంబంధం లేదు.

బీరులో చేదు హాప్స్ పూల నుంచి వస్తుంది. ఆ చేదు పదార్థాలకు వెలుతురు పడదు. బీరులో సహజంగా ఉండే రైబోఫ్లేవిన్, అంటే బి2 విటమిన్, వెలుతురును పట్టుకుని ఆ శక్తిని వాటికి అందిస్తుంది. అవి విరిగి, బీరులోనే ఉన్న గంధకపు పదార్థాలతో కలిసి ఒక ఘాటైన సమ్మేళనం పుడుతుంది. లీటరు బీరులో కొన్ని నానోగ్రాములు ఉన్నా మన ముక్కు దాన్ని పట్టేస్తుంది. రబ్బరు కాలినట్టు, కుళ్లిన వెల్లుల్లిలా ఉంటుంది ఆ వాసన. గోధుమరంగు గాజు ఈ హాని చేసే కిరణాలను చాలావరకు ఆపుతుంది. ఆకుపచ్చ గాజు ఆపేది తక్కువ, తెల్లగాజు ఇంకా తక్కువ. ఎండలో అయితే కొన్ని నిమిషాలు చాలు, ట్యూబులైటు కింద మరికొంత కాలం పడుతుంది. అల్యూమినియం డబ్బాలోకి వెలుతురు అసలు దూరదు కనుక ఆ సమస్యే లేదు.

మన షాపుల్లో జరిగేది గమనించండి. ఖరీదైన ఆకుపచ్చ సీసాలను అందరికీ కనబడాలని అద్దాల ఫ్రిజ్‌లో, తెల్లటి లైటు కింద, ముందు వరసలో నిలబెడతారు. చవక బ్రాండ్లేమో వెనుక అట్టపెట్టెల్లో హాయిగా చీకట్లో ఉంటాయి. ఎక్కువ డబ్బు పెట్టినవాడికే చెడిన సీసా దొరకడం ఇలాగే జరుగుతుంది. ఇందులో ఇంకో చిత్రం ఉంది. ఆకుపచ్చ సీసాల బీరును ఎప్పుడూ ఈ వాసనతోనే తాగినవాళ్లు అదే ‘విదేశీ రుచి’ అనుకుని మురిసిపోతారు. యూరప్‌లో కూడా అలాంటివాళ్లకు కొదవ లేదు.

ఇక సరుకు సంగతి. హైనెకెన్‌ను మన దేశంలో 2011లో యునైటెడ్ బ్రూవరీస్ ముంబై దగ్గరి తలోజాలో తయారు చేయడం మొదలుపెట్టింది. పదేళ్ల తర్వాత, 2021లో, ఆ సంస్థలో మెజారిటీ వాటా హైనెకెన్ చేతికే వచ్చింది. అంటే ఇక్కడ ఎవరో లైసెన్సు తీసుకుని తమకు తోచినట్టు చేసుకునే పరిస్థితి లేదు. బడ్‌వైజర్ 2007లో హైదరాబాద్ దగ్గరి బ్రూవరీ ద్వారానే మన దేశంలోకి అడుగుపెట్టింది. మీరు కొన్న సీసా ఏ ఫ్యాక్టరీలో నింపారో తెలియాలంటే లేబుల్ మీద చిన్న అక్షరాలు చదవండి. ‘తెలంగాణలో మాత్రమే అమ్మకానికి’ అనే మాట పక్కనే చిరునామా ఉంటుంది.

పెద్ద కంపెనీలు తమ బ్రాండును మరో దేశంలో తయారు చేయించేటప్పుడు మొదట చేతిలో పట్టుకునేది బీరును పులియబెట్టే ఈస్ట్‌ను. కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ 1883లో ఒకే ఈస్ట్ కణం నుంచి శుద్ధమైన పెంపకాన్ని సాధించాడు. మూడేళ్లకు హైనెకెన్ వాళ్లకు ఎలియన్ అనే శాస్త్రవేత్త తమ సొంత రకాన్ని వేరుచేసి ఇచ్చాడు. దాన్నే వాళ్లు ఇప్పటికీ ‘ఎ ఈస్ట్’ అంటారు. హైనెకెన్‌లో లీలగా తగిలే పండ్ల వాసన దాని చలవే. ఇలాంటి తల్లి ఈస్ట్ ప్రధాన కేంద్రం నుంచి వస్తుంది. ఫ్యాక్టరీలో దాన్ని కొన్ని తరాలు వాడి పారేసి మళ్లీ కొత్తది తెప్పించుకుంటారు. నింపిన బీరు నమూనాలు తిరిగి అక్కడికి వెళతాయి. వాటిని అక్కడివాళ్లు యంత్రాలతో కొలిచి, నోటితో రుచి చూసి మార్కులు వేస్తారు. మార్కులు తగ్గితే మా విభాగంలో ఆ వారం ఎవరికీ నిద్ర ఉండేది కాదు.

నీళ్ల గురించి మనవాళ్లు ఎక్కువగా అనుమానపడతారు. ‘అక్కడి నీళ్లు వేరండీ’ అంటారు. నూటయాభై ఏళ్ల కిందట అది నిజం. చెక్ దేశంలోని పిల్సెన్ ఊరి నీళ్లు అతి మెత్తన కాబట్టే 1842లో అక్కడ లేత బంగారురంగు లాగర్, అంటే చల్లగా ఉంచి నెమ్మదిగా పులియబెట్టే బీరు, పుట్టింది. డబ్లిన్ నీళ్లలో కార్బొనేట్లు ఎక్కువ కాబట్టే అక్కడ స్టౌట్ అనే నల్లటి బీరు కుదిరింది. ఇప్పుడు ప్రతి పెద్ద బ్రూవరీ వచ్చిన నీటిని వడగట్టి, దాదాపు ఖాళీ చేసి, కావలసిన లవణాలు తిరిగి కలుపుకుంటుంది. మంజీరా నీళ్లయినా రైన్ నీళ్లయినా ఆ యంత్రం దాటాక ఒకటే. ‘ఇక్కడ చిక్కగా చేసి నీళ్లు కలుపుతారట’ అనేది ఇంకో ఫిర్యాదు. కలుపుతారు, నిజమే. ముందు గాఢంగా పులియబెట్టి, చివర్లో ఆక్సిజన్ తీసేసిన నీటితో నిర్ణీత స్థాయికి తేవడం ప్రపంచమంతటా పెద్ద బ్రూవరీలు చేసే పని. యూరప్‌లోనూ అంతే.

బియ్యం గురించి కూడా ఒక మాట. బడ్‌వైజర్‌లో బియ్యం వాడటం మన దగ్గర చేసిన కక్కుర్తి కాదు. అమెరికాలో, దాని పుట్టినిల్లు సెయింట్ లూయిస్‌లో కూడా బియ్యం వేస్తారు. ఆ బీరు లక్షణమే అది. మన సొంత బ్రాండ్లలో బియ్యం, మొక్కజొన్న, చక్కెర వాడకం ఉంది. దానికి కారణం మన ఉత్తరాది ఆరు వరసల బార్లీలో పొట్టు, మాంసకృత్తులు ఎక్కువ, పిండి తక్కువ కావడం, పైగా ధర. అది ఆ బ్రాండ్ల సంగతి, దాన్ని తెచ్చి అంతర్జాతీయ బ్రాండుకు అంటగట్టకూడదు.

గ్లిజరిన్ కథ కూడా విన్నారనుకుంటాను. బీరు సీసాను నీళ్ల గ్లాసులో తలకిందులుగా పెడితే అడుగుకు ఏదో చిక్కటి ద్రవం జారుతుంది, అదే గ్లిజరిన్, దాన్ని వదిలించి తాగాలి అంటారు. జారేది బీరే. పులియకుండా మిగిలిన పిండిపదార్థాల వల్ల బీరు సాధారణంగా నీళ్లకంటే కాస్త బరువు, అందుకే కిందకు దిగుతుంది. అదే పరీక్ష మీ బావమరిది డబ్బాలోని బీరును ఏదైనా సీసాలో పోసి చేయండి, అదీ అలాగే జారుతుంది. ఇక గ్లిజరిన్ అంటారా, ఈస్ట్ పులియబెట్టేటప్పుడు తానే కొద్దిగా తయారు చేస్తుంది, లీటరుకు ఒకటి రెండు గ్రాములు. మ్యూనిక్‌లో కొన్నా ఉంటుంది, ములుగులో కొన్నా ఉంటుంది.

అంటే ఒకే పేరున్న బీర్లన్నీ ఒకటేనా? కాదు. కొన్నిచోట్ల తేడా నిజంగానే ఉంది, కంపెనీలు దాన్ని దాచవు కూడా. మన ఆహార ప్రమాణాల ప్రకారం 5 శాతం వరకు ఆల్కహాల్ ఉంటే మామూలు బీరు, అది దాటి 8 శాతం వరకు స్ట్రాంగ్. మన మార్కెట్‌లో ఎక్కువగా అమ్ముడుపోయేది స్ట్రాంగే కాబట్టి, యూరప్ పేర్లతో ఇక్కడి కోసమే వేరే బీర్లు పుట్టాయి. డెన్మార్క్‌లో ట్యూబోర్గ్ అంటే 4.6 శాతం ఉండే తేలికపాటి పచ్చ లేబుల్ బీరు. మన దగ్గర ట్యూబోర్గ్ అడిగితే చాలాచోట్ల చేతికి వచ్చేది స్ట్రాంగ్. బడ్‌వైజర్ 5 శాతం, బడ్‌వైజర్ మాగ్నమ్ 6.5 శాతం. ఇలాంటి రెండింటిని పక్కన పెట్టుకుని ‘ఇండియాది మొరటుగా ఉంది’ అనడం అన్యాయం. అవి వేర్వేరు బీర్లు.

దీనికి గట్టి ఉదాహరణ నైజీరియా. ఐర్లండ్ వాళ్ల గిన్నిస్ 1960ల నుంచే అక్కడ తయారవుతోంది. 1980ల్లో ఆ దేశం బార్లీ దిగుమతిని నిషేధించింది. గిన్నిస్ వాళ్లు మూట సర్దుకోలేదు, జొన్నకు మారారు. అవును, మన జొన్నే. రంగు, రుచి తప్పకుండా ఉండటానికి డబ్లిన్ నుంచి గాఢమైన సారం పంపి అక్కడి బీరులో కలిపిస్తారు. ఆ బీరుకు ఆఫ్రికా బయట కూడా వీరాభిమానులు ఉన్నారు. ‘స్థానికంగా మార్చారు’ అనగానే ‘చెడగొట్టారు’ అని తీర్మానించకూడదని ఆ ఒక్క సీసా చెబుతుంది.

మోసం లేదనీ అనను. కాకపోతే అది రుచిలో కంటే లేబుల్‌లో ఎక్కువ. జర్మన్ బ్రాండు బెక్స్‌ను 2012 నుంచి అమెరికాలోనే తయారు చేస్తూ, జర్మన్ బీరులాగే అమ్మారని అక్కడి వినియోగదారులు కోర్టుకెక్కితే, 2015లో కంపెనీ రాజీకి వచ్చి కొన్నవాళ్లకు డబ్బు తిరిగి ఇచ్చింది. జమైకా పేరు చెప్పుకునే రెడ్ స్ట్రైప్ కూడా కొన్నేళ్లు అమెరికాలో తయారై, 2016లో మళ్లీ జమైకాకు తిరిగి వెళ్లింది. మన సంగతే చూడండి. హైదరాబాద్‌లో పుట్టిన కరణ్ బిలిమోరియా లండన్‌లో మొదలుపెట్టిన కోబ్రా బీరు మొదట బెంగళూరులో తయారై ఓడెక్కేది. 1997లో తయారీ ఇంగ్లండ్‌కు మారింది. అక్కడి ఇండియన్ రెస్టారెంట్లలో దాన్ని తాగే తెల్లవాళ్లకు అదీ ‘దిగుమతి’ బీరే. లండన్‌లో మన పిల్లలు తాగే కింగ్‌ఫిషర్ కూడా అక్కడిదే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. లాగర్ బీరుకు కల్లు గుణమే ఉంది. పొద్దున దించిన కల్లుకు, సాయంత్రం లొట్టి అడుగున మిగిలిన కల్లుకు తేడా మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ చెట్టు ఏ ఊరిదని అడిగేకంటే ఎప్పుడు దించారని అడుగుతాం. బీరు గంటల్లో పాడవదు, నెలల్లో పాడవుతుంది, అంతే. సీసాలో మిగిలిన రవ్వంత ఆక్సిజన్ మెల్లగా పనిచేస్తుంది. మొదట హాప్స్ పరిమళం పోతుంది, తర్వాత తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది, చివరికి తేనె పాకంలాంటి జిడ్డు తీపి మిగులుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఈ పని రెండు మూడు రెట్లు వేగం పుంజుకుంటుంది. రెండు రెట్లే అనుకున్నా, 20 డిగ్రీల దగ్గర మూడు నెలల్లో వచ్చే ముసలితనం 40 డిగ్రీల దగ్గర మూడు వారాల్లో వస్తుంది.

ఇక దిగుమతి సీసా ప్రయాణం ఊహించుకోండి. రోటర్‌డామ్‌లోనో ఆంట్వెర్ప్‌లోనో మామూలు ఇనుప కంటైనర్‌లోకి ఎక్కుతుంది. చల్లటి కంటైనర్‌లో బీరు పంపే ఖర్చు భరించేవాళ్లు తక్కువ. ఎర్రసముద్రం మీదుగా ముంబై దగ్గరి నవసేవ రేవుకు చేరడానికే వారాలు. 2023 చివర్లో ఆ దారిలో ఓడల మీద దాడులు మొదలయ్యాక చాలా ఓడలు ఆఫ్రికా ఖండం చుట్టూ తిరిగి రావలసి వచ్చింది. రేవులో కస్టమ్స్, ఆహార పరీక్షలు, దిగుమతిదారు చిరునామాతో ఎమ్మార్పీ స్టిక్కరు అతికించడం. తర్వాత గోదాము, లారీ, మన రాష్ట్ర బేవరేజెస్ కార్పొరేషన్ డిపో, చివరికి షాపు. ఇంతా చేసి అది ధర ఎక్కువ కాబట్టి నెమ్మదిగా అమ్ముడుపోతుంది. సుంకం, దాని మీద సర్‌చార్జీ కలిపి బీరు మీద చాలాకాలంగా 110 శాతం పడుతూ వచ్చింది. మీరు కట్టే మూడు రెట్లలో పెద్ద భాగం ఓడకూ ప్రభుత్వాలకూ పోతుంది, బీరుకు కాదు. 2025 ఫిబ్రవరిలో తెలంగాణలో బీరు ధరలు 15 శాతం పెరిగాక కూడా ఇక్కడి సరుకు దాని ముందు చవకే.

మీ బావమరిది తెచ్చిన డబ్బాకు ఈ బాధలేవీ లేవు. అక్కడి సూపర్‌మార్కెట్‌లో తాజాగా కొని, సూట్‌కేసులో పెట్టి, ఒక్క రాత్రిలో దించాడు. అలాంటి డబ్బాకు, హైదరాబాద్ షాపులో దొరికే దిగుమతి సీసాకు పోలికే లేదు. మీరు మూడు రెట్లు పెట్టి కొంటే ఆ డబ్బా రుచి రాదు.

స్థానికమైతే చాలు, కళ్లు మూసుకుని కొనమని కూడా అనను. సంగారెడ్డి నుంచి వరంగల్‌కు 200 కిలోమీటర్లే కావచ్చు, కానీ మే నెలలో మన దగ్గర 43, 44 డిగ్రీలు మామూలు. డిపో ముందు టార్పాలిన్ కప్పుకుని వరసలో నిలబడ్డ లారీలో, రేకుల గోదాములో పడి ఉన్న పెట్టెలో బీరు ఉడుకుతుంది. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి ఎంత చల్లబరచినా జరిగిన నష్టం వెనక్కి రాదు. పైగా వరంగల్‌లాంటి ఊళ్లో ఖరీదైన బ్రాండు మెల్లగా కదులుతుంది. పక్కనే ఉన్న మామూలు కింగ్‌ఫిషర్ నింపి మూడు వారాలు కూడా కాకపోవచ్చు, పైవరసలోని ప్రీమియం సీసాకు ఐదో నెల నడుస్తుండవచ్చు. మేడారం జాతర రోజుల్లో అయితే ఏ పెట్టే షాపులో నిలవదు, ఆ పది రోజులు ఏది కొన్నా తాజానే. వేసవి కోసం నింపి మిగిలిపోయిన సరుకు జూలై, ఆగస్టుల్లో బయటపడుతుంది. అప్పుడు తేదీ చూడకుండా సీసా ముట్టుకోవద్దు.

తేదీ ఎక్కడ ఉంటుందో కూడా చెబుతాను. మన సీసాలకు లేబుల్ అంచున లేదా మెడ దగ్గర తయారీ తేదీ, బ్యాచ్ నంబరు ముద్రిస్తారు, సాధారణంగా 6 నెలల గడువు. రెండు నెలల లోపుదైతే నిశ్చింతగా కొనండి, నాలుగు దాటితే వేరే బ్రాండు చూసుకోండి. యూరప్ డబ్బాల మీద చాలాసార్లు గడువు తేదీ ఒక్కటే ఉంటుంది. అది నింపిన 9 నుంచి 12 నెలలకు వేస్తారు, కాబట్టి వెనక్కి లెక్క కట్టుకోవాలి. సీసాను వెలుతురుకు ఎత్తి చూడండి. సన్నటి పొరలు, నలకలు తేలుతుంటే కొనకుండా తిరిగి పెట్టేయండి. భుజం దగ్గర, అడుగున గాజు అరిగిన తెల్లటి వలయాలు కనబడితే కంగారు పడకండి. సీసా తిరిగి వచ్చి, కాస్టిక్ సోడా నీళ్లలో కడిగి మళ్లీ నింపినదని అర్థం. రుచికి దానితో పని లేదు. అదే బ్రాండు డబ్బాలో దొరికితే డబ్బాయే తీసుకోండి. లేకపోతే ఫ్రిజ్ ముందు వరస వదిలేసి, కొత్తగా విప్పిన పెట్టెలోంచి ఇమ్మని అడగండి. కాస్త విసుక్కుంటారు, కానీ ఇస్తారు.

దిగుమతికి డబ్బు పెట్టదగిన బీర్లు లేకపోలేదు. బెల్జియం మఠాల పద్ధతి బీర్లు, ఆల్కహాల్ 8, 9 శాతం ఉండి సీసాలోనే ఈస్ట్‌తో మళ్లీ పులిసేవి, ప్రయాణాన్ని బాగా తట్టుకుంటాయి. ఆ ఈస్ట్ మిగిలిన ఆక్సిజన్‌ను కొంత తినేస్తుంది. నల్లటి స్టౌట్లు కూడా వయసును ఓర్చుకుంటాయి. చెక్ దేశపు బుద్వార్ లాంటివి ఆ ఒక్క ఊళ్లోనే తయారవుతాయి కాబట్టి వేరే దారి లేదు, అయితే అది లాగర్ కనుక తేదీ మరీ జాగ్రత్తగా చూడాలి. నా డబ్బు మాత్రం, ఇక్కడే తయారయ్యే లేత లాగర్ దిగుమతి సీసా మీద ఎప్పుడూ పెట్టను.

నా మాట నమ్మనక్కరలేదు. మీ దగ్గర ఇంకా డబ్బాలు మిగిలాయన్నారు కదా, పరీక్షించండి. ఇక్కడ తయారైన అదే బీరును డబ్బాలోనే, నెల లోపు తేదీతో తెచ్చుకోండి. రెండింటినీ ఒకే ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉంచి, తీశాక పది నిమిషాలు ఆగండి. గడ్డకట్టే చల్లదనంలో నాలుకకు ఏదీ తెలియదు. ఒకేలాంటి గాజు గ్లాసులు మూడు తీసుకుని, మీరు గదిలో లేనప్పుడు ఇంట్లో ఎవరినైనా రెండింటిలో ఒక బీరు, మూడోదానిలో మరో బీరు పోయమనండి. మీ పని ఏది మంచిదో చెప్పడం కాదు, వేరేది ఏదో పట్టుకోవడం. బ్రూవరీల్లో మేం చేసేదీ ఇదే. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి సరిపోతుంది కాబట్టి ఒక్కసారి పట్టుకుని సంబరపడకండి. గ్లాసుల వరస మారుస్తూ ఆరేడుసార్లు చేయండి, మధ్యలో మంచినీళ్లు, ఉప్పులేని మరమరాలు. బావమరిదిని కూడా కూర్చోబెట్టండి, ఆయనకే ఎక్కువ నమ్మకం ఉన్నట్టుంది.

పరీక్ష అయ్యాక మిగిలిన డబ్బాలను దసరాకని దాచకండి, ఈ నెలలోనే తాగేయండి. ఈసారి ఆయన వచ్చేటప్పుడు హైనెకెన్ వద్దని, బెల్జియం సరిహద్దు దాటి ఏదైనా మఠం బీరు తెమ్మని చెప్పండి. అది ఇక్కడ ఎవరూ తయారు చేయరు.